వేసవి దుక్కియు, చేని పక్షులును

యాసంగి పంట యిల్లు చేరిన పిదప చేనివంక చూడవలసిన పనిలేదని పెక్కుమంది రైతులు తలంతురు. అది పొరపాటు. నాటినుండి మృగశిర కార్తె వఱకు చేనిలో తిరుగు పక్షులును, నేలలో దాగిన పురుగులును రాబోవు వానకాలపు పంటకు మేలో కీడో చేయుచునే యుండును. గడ్డి యెండి, చెట్లు ఆకురాల్చిన యీ దినములలో వానిని గమనించుట మిక్కిలి సులభము.

తెలంగాణపు చెల్క నేలలలో ఆముదము, వేరుశనగ, జొన్న పైరులను పాడుచేయు ఎఱ్ఱగొంగళిపురుగు వేసవియంతయు మట్టిలోనే యుండును. వానకాలమున ఆకుతిని బలిసిన పురుగు గట్లవెంబడిని, చెట్లనీడను నేలలో దూరి, గట్టి గోధుమవన్నె పెంకులో చలనము లేక పడియుండును. మరుసటి యేట తొలకరి బాగుగ కురిసిన పిమ్మట రెక్కలపురుగై వెలువడి, ఆకుల అడుగున గుంపులుగ గ్రుడ్లు పెట్టును. గట్టు ప్రక్కను, వేపచెట్టు క్రిందను జానెడు లోతు త్రవ్వి చూచినచో తన చేనిలో ఈ పెంకులు కలవో లేవో రైతునకే తెలియగలదు.

వేసవి దుక్కివలన ఇవి పైకి తేలును. కొన్ని ఎండకు మాడును. తక్కిన వానిని నాగలివెంట నడచు గోరువంకలు, కొంగలు, కాకులు ఏరుకొని తినును. ఇప్పుడు ట్రాక్టరు వెంటను అవి యట్లే వచ్చుచున్నవి. తోక చీలిన నల్లని పసులపోలిగాడు మట్టినుండి లేచిన పురుగును గాలిలోనే పట్టును. పాలపిట్టను దసరానాడు వెదకి వెదకి చూచువారు, వేసవిలో అది మోడుపై కూర్చుండి నేలమీది మిడతలను, పెంకుపురుగులను పట్టుటను చూడకయే పోవుదురు. మిట్టమధ్యాహ్నము పక్షులు నీడకు చేరును గావున ప్రొద్దుటిపూట దున్నుట మేలు. దున్నిన సాళ్లను వెంటనే చదును చేయరాదు. చేనిలో ఒకటి రెండు చెట్లయినను లేనిచో పక్షులకు వ్రాలుటకు చోటుండదు.

పక్షులన్నియు రైతునకు మిత్రములే యనుట నిజము కాదు. రామచిలుకలు జొన్న కంకులకు చేయు నష్టము ఎవరికిని చెప్పనక్కఱలేదు. ఏది యేమి తినునో కన్నులార చూచి నిర్ణయించుకొనవలెను గాని వినికిడిచేత కాదు.

గుడ్లగూబ విషయమున ఈ పొరపాటు అధికము. పాత గడీలలోను, పాడుబడిన బావులలోను నివసించు తెల్లమొగపు గూబను అపశకునమని కొట్టి చంపువారు కలరు. అది కూర్చుండు చోటి క్రింద నల్లని ఉండలు పడియుండును. ఒకదానిని నీటిలో నానబెట్టి విప్పి చూచినచో ఎలుకల పుఱ్ఱెలు, ఎముకలు, వెండ్రుకలు కానవచ్చును. గూబ ఎలుకను మ్రింగి, అరగనిదానిని ఉండగా కక్కును. విషము తిన్న ఎలుకను తినిన గూబయు చచ్చుట కలదు గనుక గూబలున్న చోట ఎలుకలమందు వాడుటలో జాగ్రత్త వలయును. గూబను గాని, ఎలుకలను తిను జెర్రిపోతును గాని చంపుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము.

తీతువు కూతయు కీడని జనులు భయపడుదురు. ఆ కూతకు కారణము వేఱు. ఈ పక్షి గూడు కట్టదు. వేసవిలో బీడునేలపై చిన్న గుంటచేసి, గులకరాళ్ల నడుమ సాధారణముగ నాలుగు గ్రుడ్లు పెట్టును. అవి మట్టివన్నెపై నల్లమచ్చలు కలవగుటచే దగ్గఱ నిలిచినవానికిని కానరావు. మనిషియో కుక్కయో సమీపించినప్పుడు తల్లియు తండ్రియు పైన తిరుగుచు అఱచును. మండుటెండలో నీటికి పోయి, పొట్ట యీకలు తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబఱచును. దీని ఆహారము పెంకుపురుగులు, చెదలు మొదలగునవి.

దున్నుచుండగా తీతువు తలపై విడువక అఱచినచో నాగలి నాపి, దూరముగ నిలిచి చూడవలెను. పక్షి నేరుగా గ్రుడ్లపై వ్రాలదు. కొంతదూరమున దిగి, ఆగి యాగి నడచి వచ్చి కూర్చుండును. ఆ చోట పుల్ల గ్రుచ్చి, చుట్టును రెండు మూడు బారల నేలను విడిచి తక్కినది దున్నుకొనవచ్చును. పొదుగుటకు సుమారు నాలుగు వారములు పట్టును. పిల్లలు పుట్టిన కొలది కాలమునకే నడచి వెళ్లిపోవును గావున, విడిచిన ఆ ముక్కను విత్తుటకు ముందు దున్నుకొనవచ్చును.