బెర్నియర్ లేఖయు, ఆముక్తమాల్యద రాజనీతియు

ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్సువా బెర్నియర్ 1663 జూలై 1వ తేదీన ఢిల్లీనుండి లా మోత్ ల వయే అను పారిసు పండితునకు ఒక దీర్ఘలేఖ వ్రాసెను. షాజహానాబాదు వీథులు, అంగళ్లు, కోట, అమీరుల భవనములు, వాని సరసనే అగ్నికి ఆహుతియగుచుండు పూరిగుడిసెలు అందు వర్ణితములు. ఈ నగరమున మధ్యస్థితి లేదనియు, ఇచట మనుష్యుడు మహైశ్వర్యవంతుడో నిరుపేదయో కాక తప్పదనియు అతడు చేసిన వ్యాఖ్యను చరిత్రకారులు నేటికిని ఉదాహరించుచున్నారు. ఎర్రకోట యెదుట నిలిచి మా విద్యార్థులకు ఈ మాట చెప్పినపుడు, అది మూడు శతాబ్దులనాటి మాటయని వారు వెంటనే నమ్మరు.

బెర్నియర్ సామాన్య యాత్రికుడు కాడు. తత్త్వవేత్త గాసెండికి శిష్యుడు. 1652లో మోంపెల్లియే విద్యాపీఠమున వైద్యపట్టము పొందినవాడు. ఢిల్లీలో దానిష్మంద్ ఖాను కొలువున నుండి, ఆ విద్వత్ప్రభువునకు గాసెండి, దెకార్తుల గ్రంథములను పారసీకమున వినిపించెను. 1667లో గోలకొండను గూడ చూచెను. స్వదేశమునకు మరలి 1670లో తన గ్రంథమును ప్రకటించుచు, పదునాలుగవ లూయీ మంత్రియగు కోల్బర్టునకు సంబోధించిన లేఖ నొకదానిని అందు చేర్చెను. మన కిచట ముఖ్యమైనది ఆ లేఖయే.

అందలి వాదమిది: హిందూస్థానమున భూమి యంతయు చక్రవర్తి సొత్తు. జాగీరుదారు నేడో రేపో బదిలీ కావలసినవాడు గనుక కాలువలను బాగుచేయింపడు, రైతు తన శ్రమఫలము తనకు దక్కదని యెఱిగి పారిపోవును, పొలము బీడగును. స్వంత ఆస్తి లేనిచోట నిరంకుశత్వమును దారిద్ర్యమును తప్పవు.

ఈ మాటలను భారతదేశ వర్ణనముగా మాత్రమే చదువుట పొరపాటని నా యభిప్రాయము. 1576లో జాఁ బోదేఁ తన రాజ్యశాస్త్రగ్రంథమున, ప్రజల ఆస్తిని గౌరవించు రాజత్వమును, ప్రజలను వారి సొత్తును తనవిగా నెంచు ప్రభుత్వమును వేఱుపఱచెను. పదునాలుగవ లూయీయో, తన కుమారునికై సిద్ధపఱపించిన స్మృతులలో, ప్రజల సమస్తసంపదపై రాజునకు పూర్ణాధికారము కలదని ప్రకటించెను. అట్టి రాజు మంత్రికి వ్రాయుచు, మొగలుదేశమును చూడుము, అచట నేమైనదో తెలిసికొనుము అనుటలో ఆంతర్యము స్పష్టము. బెర్నియర్ ఢిల్లీని అద్దముగా పట్టి ఫ్రాన్సునకు దాని ముఖమును చూపినాడు.

కాని ఆ హెచ్చరిక కాలక్రమమున రూపు మాఱెను. 1748లో మాంటెస్క్యూ యాత్రికుల వృత్తాంతముల నాధారముగా గొని, నిరంకుశత్వము ఆసియాకు స్వభావసిద్ధమన్నంత దూరము పోయెను. వోల్టేరు దీని నంగీకరింపలేదు. 1755 మొదలు 1761 వఱకు ఈ దేశమున గడపిన ఆంకెతిల్ దుపెరోఁ 1778లో ఒక గ్రంథమే వ్రాసి, తుర్కీ, పారసీక, హిందూస్థానములలో స్వంత ఆస్తియు లిఖితన్యాయమును గలవని వాదించి, దానిని హిందూస్థాన ప్రజలకు అంకితము చేసెను. అయినను గెలిచినది మాంటెస్క్యూ పక్షమే. 1853 జూన్ 2న ఎంగెల్సునకు వ్రాసిన లేఖలో మార్క్సు సైతము బెర్నియర్‌నే ప్రమాణముగా స్వీకరించెను. ఫ్రాన్సును హెచ్చరింప బుట్టిన వాక్యము భారతదేశముపై తీర్పుగా పరిణమించినది.

మన తెలుగు ఆధారము లేమనుచున్నవి? విజయనగరకాలపు తామ్రశాసనములు అగ్రహారములను అష్టభోగ తేజస్స్వామ్యములతో ఇచ్చుచు, ప్రతిగ్రహీతకు దానము చేయుటకు, కుదువ పెట్టుటకు, విక్రయించుటకు, మార్చుకొనుటకు హక్కును స్పష్టముగా నొసగుచున్నవి. షాజహాను ఆస్థానమున వెలసిన జగన్నాథ పండితరాయలది కోనసీమలోని ముంగండ అగ్రహారము. అగ్రహారమన నేమో ఆయన చెప్పియుండును. కాని బెర్నియర్ వచ్చునాటికి షాజహాను కుమారుని చెఱలో నుండెను. ఇక చెఱువు త్రవ్వించినవానికి, గండి పూడ్పించినవానికి రాయలసీమ శాసనములు దశబంధమను పేర మాన్యము నిచ్చుచున్నవి. కాలువలను పట్టించుకొనువాడు లేడన్న మాటకు ఇంతకన్న సూటియైన ప్రత్యుత్తరము నాకు కనబడదు. మొగలుసీమను గూర్చియు, జాగీరు శిస్తుపై హక్కేగాని భూమిపై స్వామ్యము కాదని అలీగఢ్ చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబు 1963నాటి గ్రంథమున నిరూపించెను.

అయితే బెర్నియర్ చూచిన రైతుల వలస అబద్ధము కాదు. ఆతని కంటె శతాబ్దికి పైగా ముందే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున అదే దృశ్యమును చూపెను. కష్టములకు తాళలేక ఊరు విడిచిన ప్రజలను మరల పిలువక, వారి పశువులను ధాన్యమును అమ్ముకొని, వారి యిండ్లకొయ్యను వంటచెఱకుగా నెంచు అధికారి రణరంగమున నక్కవంటివాడనియు, అట్టివాడున్న రాజునకు అభివృద్ధి లేదనియు రాయల మాట. దేశము చిన్నదైనను చెఱువులను కాలువలను త్రవ్వించి, పేదరైతునకు పన్నులో సడలింపు చూపవలెనని కూడ అచటనే చెప్పెను. రోగలక్షణము రెండు గ్రంథములలోను ఒక్కటే, నిదానము వేఱు. బెర్నియర్ దోషమును స్వామ్యవ్యవస్థపై మోపగా, రాయలు అధికారి నడవడిపై మోపెను. పన్ను గొనువాని స్థానమున నిలిచి వ్రాసిన రాజకవి కీ భేదము సహజముగా తోచెననవచ్చును.

ఇచట మన శాసనముల పరిమితిని గూడ చెప్పవలసియున్నది. అవి పలుకునది విప్రులను, దేవాలయములను, నాయకులను గూర్చి. మడి దున్నిన పాలికాపునకు ఆ మడిపై ఏ హక్కుండెనో తామ్రపత్రము చెప్పదు. అమ్ముకొను హక్కు ప్రతిగ్రహీతకు వ్రాసియిచ్చినపుడు, దున్నువాడు ఆ భూమితోబాటే చేతులు మాఱెనా, లేక వాని పంటపాలు చెక్కుచెదరక నిలిచెనా అను ప్రశ్న కైఫీయతులలోను, గ్రామ కరణముల లెక్కలలోను వెదుకదగినది.