మారిషస్ న్యాయవ్యవస్థ – బెయిలు అధికారమెవరిది?

న్యాయస్థానాల స్వాతంత్ర్యాన్ని గురించి బోధించునప్పుడు సాధారణంగా ఇంగ్లండు, అమెరికా దేశాలనే ఉదాహరిస్తుంటాము. అయితే చిన్న దేశాల అనుభవం నుండి కూడా నేర్చుకోదగినది కలదు. హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపం అట్టిది. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుండి ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీల సంతతివారు నేటికీ అక్కడ ఉన్నారు గనుక, ఆ దేశం మనకు బొత్తిగా పరాయిది కాదు.

మారిషస్ ఒకప్పుడు ఫ్రెంచివారి వలస. 1810లో ఆంగ్లేయులు దానిని జయించినప్పటికీ అక్కడి ప్రజల చట్టాలను, ఆచారాలను కొనసాగనిచ్చారు. అందుచేత ఆస్తి, ఒడంబడిక మున్నగు విషయాలలో నెపోలియన్ కాలపు ఫ్రెంచి సివిల్ కోడు మూలంగా నిలిచినది. సాక్ష్యం, విచారణ పద్ధతులు మాత్రం ఇంగ్లీషువి. ఇట్లు రెండు న్యాయ సంప్రదాయాలు ఒకే న్యాయపీఠం మీద కలసినవి.

12 మార్చి 1968న దేశం స్వతంత్రమైనది, 1992లో గణతంత్రమైనది. క్రింద జిల్లా న్యాయస్థానాలు, వాటిపై ఇంటర్మీడియట్ కోర్టు, అన్నిటికిపైన సుప్రీంకోర్టు ఉన్నవి. గణతంత్రమైన తరువాత కూడా తుది అప్పీలు లండనులోని ప్రివీ కౌన్సిల్ న్యాయసంఘానికే పోతుంది.

ప్రధాన న్యాయమూర్తిని దేశాధ్యక్షుడు ప్రధానమంత్రిని సంప్రదించి నియమిస్తాడు. ద్వితీయ స్థానంలోని సీనియర్ ప్యూనీ జడ్జిని నియమించుటకు ప్రధాన న్యాయమూర్తి సలహాయే ప్రమాణం. ఇతర న్యాయమూర్తుల నియామకం జ్యుడీషియల్ అండ్ లీగల్ సర్వీస్ కమిషన్ సలహాపై జరుగుతుంది. నియమించుట కన్న తొలగించుట బహు కష్టం: అశక్తత లేక దుష్ప్రవర్తన కారణంగా ప్రివీ కౌన్సిల్ న్యాయసంఘం సలహా ఇచ్చిననే గాని న్యాయమూర్తిని తొలగించరాదు. అనగా పాలకుల ఆగ్రహానికి న్యాయమూర్తి పదవి బలి కాకుండ రాజ్యాంగమే కాపలా పెట్టినది.

ఈ కాపలా దేనికి? ఒక వివాదం ద్వారా తెలిసికొందాము. మాదకద్రవ్యాల నేరాలను అరికట్టుటకై శాసనసభ, ఆ నేరారోపణపై అరెస్టయినవారికి బెయిలు దొరకకుండ చట్టం చేసినది. 1986లో, సర్ కాసిం మూలన్ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న కాలంలో, నూర్దాలీ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని నిర్ణయించినది. అంతట ప్రభుత్వం 1994లో రాజ్యాంగాన్నే సవరించి, మాదకద్రవ్యాల కేసులలో కొందరు నిందితులకు తుది తీర్పు వరకు బెయిలు లేకుండ చేయుటకు అనుమతి కల్పించుకొన్నది. చట్టం చెల్లకపోతే రాజ్యాంగమే మారవచ్చునని పాలకుల భావన.

ఆ సవరణ కూడా నిలువలేదు. ఖోయ్రత్తీ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేయగా, 2006 మార్చిలో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును బలపరచినది. మారిషస్ సర్వసత్తాక ప్రజాస్వామ్య రాజ్యమని రాజ్యాంగ ప్రథమ అధికరణం చెప్పుచున్నది. మనిషిని నిర్బంధంలో ఉంచవలెనా, విడుదల చేయవలెనా అను నిర్ణయం న్యాయస్థానానిదిగా ఉండుట ప్రజాస్వామ్యంలో అంతర్భాగమని న్యాయమూర్తులు భావించారు. ప్రథమ అధికరణాన్ని మార్చవలెనన్న ఓటర్లలో కనీసం నాలుగింట మూడు వంతులవారు ప్రజాభిప్రాయ సేకరణలో సమ్మతించవలెను. సభలోని సభ్యులందరూ అంగీకరించవలెను. ఆ విధానం పాటింపబడలేదు గనుక సవరణ చెల్లలేదు.

మన దేశంలో 1973 నాటి కేశవానంద భారతి తీర్పు విద్యార్థులకు ఇక్కడ జ్ఞాపకం రాక మానదు. అయితే భేదం గమనించదగినది. మన సుప్రీంకోర్టు రాజ్యాంగ మౌలిక స్వరూపమను సిద్ధాంతాన్ని వ్యాఖ్యానం ద్వారా రూపొందించినది. మారిషస్ న్యాయమూర్తులకు రాజ్యాంగంలోనే లిఖితమైన అధికరణం ఆధారంగా దొరికినది.

మాదకద్రవ్యాల వ్యాపారిపై ఎవరికీ జాలి ఉండదు. ఉండనవసరమూ లేదు. కాని అరెస్టయిన ప్రతివాడూ దోషి కాడు. విచారణకు ముందే ఏ న్యాయమూర్తీ అతని మాట విననవసరం లేదని చట్టం చెప్పిననాడు, అరెస్టు చేసినవాని మాటే తీర్పుగా మారుతుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించినందువల్లనే ఆ తీర్పులు విలువైనవని మా అభిప్రాయం.

2021లో రెహానా మంగ్లీ గుల్బుల్ ఆ దేశ ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించిన తొలి మహిళ అయినారు. వివిధ మతాల, జాతుల వారు అధిష్ఠించిన పీఠమది. కూర్చున్నవారి పేర్లు మారుచుండును. నిర్బంధితుని మాట వినవలెనను నియమం మాత్రం మారరాదు. న్యాయశాస్త్రం వైపు అడుగిడనున్న మన విద్యార్థులు ఆ చిన్న ద్వీపం నుండి గ్రహింపవలసిన పాఠమిదే.