మబ్బులకు దగ్గరగా ఒక ఊరు

మీలో తిరుమల కొండను మెట్ల దారిన ఎక్కినవాళ్లు ఉంటారు. ఆయాసం వచ్చి మధ్యమధ్యలో కూర్చుని ఉంటారు. ఆ కొండ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. దానికి మూడున్నర రెట్లకు పైగా ఎత్తులో ఒక పెద్ద పట్నం ఉంది. అక్కడ లక్షల మంది కాపురాలు చేస్తున్నారు. ఆ పట్నం పేరు లా పాజ్.

ఈ రోజు మనం ఆ ఊరు చూసివద్దాం రండి. టిక్కెట్టు అక్కర్లేదు. చదవడం వస్తే చాలు.

లా పాజ్ ఎక్కడుంది?

దక్షిణ అమెరికా ఖండంలో బొలీవియా అనే దేశం ఉంది. దాని జనాభా కోటి పైచిలుకు. చట్టం ప్రకారం దాని రాజధాని సుక్రే. పెద్ద కోర్టు అక్కడ ఉంది. కాని ప్రభుత్వం నడిచేది లా పాజ్ నుంచి. చట్టసభ కూర్చునేదీ ఇక్కడే.

మనకూ వాళ్లకూ తొమ్మిదిన్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున ఆరు గంటలకు మనం వాకిలి ఊడుస్తుంటాం. అప్పుడు అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర. జూన్, జులై నెలల్లో అక్కడ చలికాలం.

విమానం దిగాం

విమానాశ్రయం ఎల్ ఆల్టో అనే ఊళ్లో ఉంది. అది లా పాజ్‌కు పై అంచున ఉన్న ఊరు. ఎత్తు 4,000 మీటర్లకు పైనే.

దిగి నాలుగు అడుగులు వేశామో లేదో ఆయాసం వచ్చింది. తల నొస్తోంది. కడుపులో తిప్పుతోంది. ఏమిటిది? ఎవరి దిష్టి అయినా తగిలిందా?

దిష్టి కాదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. మన ఊళ్లో ఒక ఊపిరికి మూడు పాళ్లు ప్రాణవాయువు అందుతుందనుకోండి. లా పాజ్‌లో సుమారు రెండు పాళ్లే అందుతుంది. అందుకే ఈ బాధ. అక్కడివాళ్లు దీన్ని 'సొరోచే' అంటారు.

కొత్తగా వెళ్లినవాళ్లు ఏం చేయాలి? మొదటి రోజు విశ్రాంతి తీసుకోవాలి. బరువులు మోయకూడదు. తొందరగా నడవకూడదు. మంచినీళ్లు బాగా తాగాలి. కొద్దికొద్దిగా తినాలి. సారా, బీరు ముట్టకూడదు. గర్భిణీలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు బయలుదేరే ముందే డాక్టరును అడగాలి.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, మాట తడబడితే, తూలిపోతూ ఉంటే అది ప్రమాదం. 'తెల్లారాక చూద్దాంలే' అనుకోకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. తక్కువ ఎత్తున్న చోటికి దించాలి. ఆలస్యం చేస్తే ప్రాణం పోవచ్చు.

ఇంకో వింత చూడండి. మన దగ్గర నీళ్లు దాదాపు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. లా పాజ్‌లో సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. నీళ్లు తొందరగా మరుగుతాయి కాబట్టి పప్పు తొందరగా ఉడుకుతుందా? ఉడకదు. మరిగే నీళ్లలో వేడే తక్కువ. అందుకని పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కరులో ఆవిరి బయటికి పోదు. లోపల వేడి పెరుగుతుంది. అందుకే అక్కడ కుక్కరు చాలా అవసరం.

బోర్డులు చదవలేం

ఊళ్లోకి వెళ్దాం. బస్సు మీద ఏదో రాసి ఉంది. అది స్పానిష్ భాష. మనకు ఒక్క ముక్క తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే మాట రాదు.

ఈ అవస్థ మనకు కొత్త కాదు. అక్షరాలు రాని రోజుల్లో మన ఊరి బస్టాండులోనూ ఇలాగే నిలబడ్డాం. 'ఈ బస్సు ఎక్కడికి బాబూ?' అని పదిమందిని అడిగాం. కొందరు చెప్పారు. కొందరు విసుక్కున్నారు. చదువుకున్నవాళ్లు కూడా తెలియని దేశానికి వెళితే ఇలా నిలబడాల్సిందే. చదువు రాకపోవడం తెలివి లేకపోవడం కాదు.

మరి దారి ఎలా తెలుస్తుంది? చిన్న బస్సుల్లోంచి ఒకరు తల బయటికి పెట్టి ఊళ్ల పేర్లు అరుస్తారు. మన ఆటోవాళ్లలాగే. అంకెలు మాత్రం చదవగలం. 1, 2, 3 అక్కడా అవే. ఈ అంకెల లెక్క పుట్టింది మన దేశంలోనే.

గాల్లో ప్రయాణం

లా పాజ్ గిన్నెలాంటి ఊరు. అడుగున నది లోయ. చుట్టూ కొండల నిండా ఎర్ర ఇటుకల ఇళ్లు. దూరాన ఇల్లిమాని మంచుకొండ. అడుగున చలి తక్కువ. డబ్బున్నవాళ్లు చాలామంది అక్కడే ఉంటారు. పేదలు ఎక్కువగా పైన ఉంటారు. పనికోసం రోజూ కిందికి దిగాలి. సాయంత్రం మళ్లీ ఎక్కాలి.

2014లో ఇక్కడ రోప్‌వే మొదలైంది. విశాఖపట్నంలో కైలాసగిరికి ఉన్నలాంటిదే. అయితే అది కొండ చూడటానికి. ఇది ఊరంతా తిరగడానికి. ఒక్కో పెట్టెలో పదిమంది కూర్చోవచ్చు. దారికొక రంగు. ఎర్ర దారి, పచ్చ దారి, పసుపు దారి. అక్షరాలు రానివాళ్లు కూడా రంగు చూసి ఎక్కవచ్చు.

సంతలో మన చుట్టాలు

సంతకు వెళ్దాం. అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కుచ్చిళ్ల లంగా, రెండు జడలు, నెత్తిన గుండ్రని టోపీ. వీపున రంగుల దుప్పటిలో బిడ్డ.

గంపల్లో ఏమున్నాయి? బంగాళాదుంపలు, మిరపకాయలు, వేరుశనగ కాయలు. ఇవన్నీ మనవేగా అంటారా? వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఐదు వందల ఏళ్ల కిందట మన దేశంలో మిరపకాయ లేదు. అప్పుడు కారానికి మిరియాలే వాడేవారు. మిరపను ఓడల్లో తెచ్చింది పోర్చుగీసువాళ్లు.

నల్లని గులకరాళ్లలా ఉన్నవేమిటి? అవీ బంగాళాదుంపలే. రాత్రి మంచులో గడ్డకట్టిస్తారు. కాళ్లతో తొక్కి నీరు తీస్తారు. ఎండలో ఆరబెడతారు. ఏళ్ల తరబడి చెడవు. మన ఒరుగుల్లాంటివే. వీటిని 'చూన్యో' అంటారు.

పనిమనిషి మంత్రి అయింది

ఇది మురీయో కూడలి. ప్రభుత్వ భవనం, చట్టసభ ఇక్కడే ఉన్నాయి. ఒకప్పుడు కుచ్చిళ్ల లంగా కట్టిన ఆదివాసీ స్త్రీలను మంచి హోటళ్లలోకి కూడా రానిచ్చేవారు కాదు.

కసిమీరా రొద్రీగెస్ అలాంటి స్త్రీయే. పదమూడేళ్ల వయసులో పట్నంలో ఇంటిపనికి చేరింది. జీతం ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారు. తర్వాత ఆమె ఇళ్లలో పనిచేసే స్త్రీల సంఘంలో చేరింది. నాయకురాలైంది. ఏళ్ల తరబడి పోరాడారు. 2003లో వాళ్లకోసం చట్టం వచ్చింది. పని గంటలకు హద్దు, వారానికి ఒక సెలవు, జీతానికి హామీ. 2006లో కసిమీరా న్యాయశాఖ మంత్రి అయింది. అదే కుచ్చిళ్ల లంగాతో మంత్రి కుర్చీలో కూర్చుంది.

అదే 2006లో అక్కడ పెద్దవాళ్లకు చదువు నేర్పే కార్యక్రమం మొదలైంది. దాని పేరుకు అర్థం 'అవును, నేను చేయగలను' అని. 2008 నాటికి 8 లక్షల మందికి పైగా అక్షరాలు నేర్చుకున్నారు. స్పానిష్‌లోనే కాదు, ఐమారా, కెచువా భాషల్లో కూడా. అంటే అమ్మ నేర్పిన మాటల్లో.

సంతలో బిడ్డను వీపున కట్టుకున్న ఆ తల్లీ ఎక్కడో కూర్చుని మనలాగే అక్షరాలు కూడబలుక్కుని ఉండవచ్చు.

ఆలోచించండి - చర్చించండి

1. లా పాజ్‌లో పప్పు ఎందుకు తొందరగా ఉడకదు?
2. కొత్తగా ఆ ఊరు వెళ్లినవాళ్లు ఏ గుర్తులు కనపడితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి?
3. మీ ఊళ్లో ఇంటిపని చేసే ఆడవాళ్లకు వారం సెలవు ఉందా? లేకపోతే ఎవరు అడగాలి?
4. మీరు సొంతంగా చదివి ఎక్కిన మొదటి బస్సు ఏది? ఆ రోజు ఏమనిపించింది? నాలుగు మాటల్లో రాయండి.