బ్యాటరీ నీరసిస్తే తప్పెవరిది?

విశాఖపట్నానికి నైరుతి దిక్కున ఉన్న పరవాడ పేరు చెప్పగానే సింహాద్రి విద్యుత్ కేంద్రం గుర్తుకు వస్తుంది. అక్కడ 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, అంటే మొత్తం 2000 మెగావాట్ల సామర్థ్యం ఉంది. అంత విద్యుత్తు తయారయ్యే ఊళ్ళో కూడా జేబులో తిరిగే సెల్‌ఫోనుకు తీగ తగిలించి ఉంచలేం కదా! అందుకే విద్యుచ్ఛక్తిని రసాయన శక్తిగా మార్చి దాచుకోవాలి. ఆ దాచే పెట్టే బ్యాటరీ.

కొత్తలో ఒకసారి ఛార్జి చేస్తే రోజంతా పనిచేసిన ఫోను, రెండేళ్ళు గడిచేసరికి మధ్యాహ్నానికే నీరసిస్తుంది. ఒక్కొక్కప్పుడు ఇంకా 30 శాతం ఉందని చూపిస్తూనే ఠక్కున ఆగిపోతుంది. ఇది సహజమైన ముసలితనమా? తయారీలో లోపమా? లేక కొన్నవారికి చెప్పవలసినది చెప్పకపోవడమా? ఈ ప్రశ్నల మీదనే పెద్ద పెద్ద వ్యాజ్యాలు నడిచాయి. వాటిని అర్థం చేసుకోవాలంటే ముందు బ్యాటరీ లోపలికి తొంగి చూడాలి.

ఘటం లోపల ఏం జరుగుతుంది?

నేటి ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ ఘటం. దీన్ని 1991లో జపానుకు చెందిన సోనీ కంపెనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దీని రూపకల్పనకు పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఘటంలో ఒకవైపు గ్రాఫైట్, మరొకవైపు లిథియం కలిసిన లోహ ఆక్సైడు ఉంటాయి. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడును వదలి, మధ్యనున్న ద్రవం గుండా ప్రయాణించి గ్రాఫైట్ పొరల మధ్య చేరతాయి. ఫోను వాడేటప్పుడు తిరిగి వెనక్కు వస్తాయి. అయితే ప్రతి రాకపోకలోనూ కొద్దిపాటి లిథియం గ్రాఫైట్ మీద ఏర్పడే పలుచని పొరలో చిక్కుకుపోతుంది. అది ఇక పనికి రాదు. వేడి ఎక్కువైతే ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. కొన్ని వందల పూర్తి ఛార్జీల తరువాత బ్యాటరీ సామర్థ్యం మొదటి దానిలో సుమారు 80 శాతానికి తగ్గడం మామూలే.

ఠక్కున ఆగిపోవడం ఎందుకు?

వయసుతో తగ్గేది సామర్థ్యం ఒక్కటే కాదు. ఘటం అంతర్నిరోధం పెరుగుతుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. ఘటం విద్యుచ్చాలక బలం 3.8 వోల్టులు అనుకోండి. ఏదో పెద్ద పని తగిలి ఫోను ఒక్క క్షణం 3 ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం కోరింది.

కొత్త ఘటం అంతర్నిరోధం 0.1 ఓమ్ అయితే లోపల నష్టపోయేది 3 × 0.1 = 0.3 వోల్టు. ఫోనుకు అందేది 3.5 వోల్టులు.

పాత ఘటం అంతర్నిరోధం 0.3 ఓమ్ అయితే నష్టపోయేది 3 × 0.3 = 0.9 వోల్టు. ఫోనుకు అందేది 2.9 వోల్టులు మాత్రమే.

ఫోను పనిచేయడానికి కనీసం 3 వోల్టులు కావాలనుకుంటే రెండవ ఘటంతో అది ఆగిపోతుంది. ఘటంలో ఇంకా ఛార్జి మిగిలే ఉంది, కాని అడిగినంత వేగంగా ఇవ్వలేకపోయింది. చలిలో అంతర్నిరోధం మరింత పెరుగుతుంది కనుక చలిదేశాల్లో ఈ బాధ ఎక్కువ.

మూడు ఫిర్యాదులు, మూడు ప్రశ్నలు

మొదటిది: చెప్పినంత కాలం వచ్చిందా? ఆపిల్ కంపెనీ ఐపాడ్ అనే పాటల పెట్టె బ్యాటరీ ప్రకటించినన్ని గంటలు రావడం లేదని, త్వరగా పాడవుతున్నదని అమెరికాలో కొన్నవారు దావా వేశారు. 2005లో రాజీ కుదిరింది. దాని ప్రకారం అర్హులైన వారికి 50 డాలర్ల వరకు విలువగల పరిహారం గాని, వారంటీ పొడిగింపు గాని లభించాయి.

రెండవది: తయారీలో లోపముందా? 2007 ఆగస్టులో నోకియా కంపెనీ బిఎల్-5సి అనే బ్యాటరీ గురించి హెచ్చరిక చేసింది. మత్సుషితా కంపెనీ 2005 డిసెంబరు, 2006 నవంబరుల మధ్య తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలలో కొన్ని, ఛార్జి చేసేటప్పుడు షార్ట్ సర్క్యూట్ అయి విపరీతంగా వేడెక్కవచ్చునన్నది దాని సారాంశం. వాటిని ఉచితంగా మార్చి ఇస్తామన్నది. మన దేశంలోనూ ఎందరో ఫోను వెనుక మూత తీసి బ్యాటరీ మీది సంఖ్యను సరిచూసుకున్నారు.

మూడవది: ఉన్న సంగతి చెప్పారా? 2017లో ఆపిల్ తన ఐఫోన్లకు పంపిన ఒక సాఫ్ట్‌వేర్ మార్పు, బ్యాటరీ ముసలిదైన ఫోన్ల వేగాన్ని తగ్గించింది. మన లెక్కలో 3 ఆంపియర్ల బదులు 2 ఆంపియర్లే అడిగితే ఏమవుతుందో చూడండి. నష్టం 0.6 వోల్టు, ఫోనుకు 3.2 వోల్టులు అందుతాయి, ఫోను ఆగదు! అంటే ఆ ఏర్పాటుకు శాస్త్రీయమైన కారణం ఉంది. కాని వేగం తగ్గుతుందన్న మాట కొన్నవారికి స్పష్టంగా చెప్పలేదు. ఆ డిసెంబరులో, ఫోన్ల వేగాన్ని కొలిచే పరీక్షల ఫలితాలను గ్రాఫు గీసి చూస్తే గుట్టు బయటపడింది. కంపెనీ విషయం ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, కొత్త బ్యాటరీ ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది.

అసలు వివాదం ఇదే. బ్యాటరీ ఒక్కటి మార్చుకుంటే సరిపోయే చోట, ఫోనే ముసలిదైపోయిందనుకొని కొత్తది కొన్నవారి నష్టం ఎవరు భరించాలి? 2020లో తప్పును అంగీకరించకుండానే, అమెరికాలోని వ్యాజ్యాన్ని ముగించడానికి ఆపిల్ 31 కోట్ల నుంచి 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించేందుకు ఒప్పుకుంది. అదే ఏడాది ఫ్రాన్సు ప్రభుత్వ సంస్థ ఇదే విషయంపై 2 కోట్ల 50 లక్షల యూరోల జరిమానా విధించింది.

మన చట్టం ఏమంటుంది?

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం వస్తువు ఏ ఊళ్ళో కొన్నా, మీరు నివసించే ప్రాంతంలోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పరవాడలో ఉన్నవారు కంపెనీ కార్యాలయం ఉన్న బెంగుళూరుకో, ఢిల్లీకో పరుగెత్తనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపయితే రుసుము లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపల ఫిర్యాదు చేయాలి. కొన్నది మైనరయితే తల్లిదండ్రులు ఫిర్యాదు చేయవచ్చు. సలహా కోసం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

లోపం పరీక్షిస్తేగాని తేలనిదైతే, నమూనాను ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. అక్కడ తీర్పుకు ఆధారమయ్యేది కోపం కాదు, కొలత. "బ్యాటరీ బాగా లేదు" అనడం కన్నా, "కొన్న మూడవ నెలలో 9 గంటలు వచ్చేది, తొమ్మిదవ నెలలో 4 గంటలే వస్తున్నది" అనడం ఎంతో బలమైన మాట. అందుకని బిల్లు, వారంటీ కాగితం భద్రపరచండి. నెలకొకసారి, ఒకే విధమైన వాడకంతో, ఛార్జి ఎన్ని గంటలు వచ్చిందో నోటుపుస్తకంలో తేదీతో రాయండి.

చేసి చూడండి

టార్చిలైటులో వాడే 1.5 వోల్టుల ఘటాలు రెండు తీసుకోండి: ఒకటి కొత్తది, ఒకటి బాగా వాడినది. ఒక్కొక్క దాని కొనల మధ్య వోల్టుమీటరు పెట్టి రీడింగు రాయండి. తరువాత ఘటానికి చిన్న టార్చి బల్బు కలిపి, అది వెలుగుతుండగా మళ్ళీ రీడింగు తీయండి. ఏ ఘటంలో వోల్టేజి ఎక్కువగా పడిపోయింది? ఎందుకు?

జాగ్రత్త: ఈ ప్రయోగం టార్చి ఘటాలతోనే చేయాలి. ఫోను బ్యాటరీని విప్పడం, గుచ్చడం, వంచడం ఎన్నడూ చేయరాదు. అది మంటలకు దారి తీస్తుంది. ఉబ్బిన బ్యాటరీని వాడటం మాని వెంటనే పెద్దలకు చూపించండి.