శబ్దముతో చూచు సాధనము

సంతలో కుండ కొనవచ్చిన గృహిణి దానిని కంటితో చూచి మాత్రమే తృప్తి పడదు. ఎడమచేత ఎత్తిపట్టి, కుడిచేతి వ్రేలితో మెల్లగా తట్టి, చెవియొగ్గి వినును. ఖంగుమని మ్రోగినచో కుండ గట్టిది. బొంగురు శబ్దము వచ్చినచో ఎచ్చటనో బీట కలదని గ్రహించి, దానిని ప్రక్కకు పెట్టును. కంటికి కానరాని లోపమును చెవి పట్టుకొనగలదను సత్యమును ఆమె ఏ శాస్త్రగ్రంథమునందును చదువలేదు. అనుభవమే ఆమెకు గురువు.

ఈ సత్యమునే ఆస్ట్రియా దేశపు వైద్యుడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ రోగపరీక్షకు వినియోగించెను. అతడు పూటకూళ్లయింటి యజమాని కుమారుడు. పీపాను తట్టి అందెంత ద్రాక్షసారాయము మిగిలినదో తెలిసికొను విధమును అతడు బాల్యముననే నేర్చెనని చెప్పుదురు. రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి లోపలి స్థితిని నిర్ణయించు పద్ధతిని అతడు 1761లో ఒక చిన్న గ్రంథముగా ప్రకటించెను. నేటికిని వైద్యులు ఆ పద్ధతిని విడువలేదు.

మానవుని చెవికి వినబడు శబ్దములు సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనములు గలవి. అంతకు మించిన కంపనములు గలవానిని అతిధ్వనులందురు. చీకటిలో ఎగురు గబ్బిలము ఇట్టి ధ్వనులను వెలువరించి, వాని ప్రతిధ్వనులనుబట్టి గోడను, కొమ్మను, పురుగును గుర్తించును. 1880లో ఫ్రాన్సు దేశమున పియేర్ క్యూరీ, జాక్ క్యూరీ అను సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వానియందు విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. అట్టి స్ఫటికమునకు విద్యుత్తు నిచ్చినచో అది కంపించి ధ్వనిని పుట్టించును. ప్రతిధ్వని వచ్చి తాకినచో మరల విద్యుత్తును పుట్టించును. అనగా ఒకే స్ఫటికము నోరును అగును, చెవియును అగును. మొదటి ప్రపంచ యుద్ధకాలమున పాల్ లాంజివాన్ అను శాస్త్రజ్ఞుడు దీని సాయముతో సముద్రగర్భమందలి జలాంతర్గాములను వెదకు మార్గమును కనిపెట్టెను. 1953లో స్వీడన్ దేశమున ఎడ్లర్ అను వైద్యుడును, హెర్ట్స్ అను భౌతికశాస్త్రజ్ఞుడును ఓడల తయారీలో లోహపు బీటలను పరీక్షించు యంత్రమువంటి దానితో గుండె కదలికలను గుర్తించిరి. కుండ బీటను పట్టిన శబ్దమే గుండె కదలికను కూడ పట్టెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. గుండె కండరమునకు రక్తము నందించు హృదయ ధమనులు మిక్కిలి సన్ననివి. వాని వ్యాసము సుమారు 3 లేక 4 మిల్లీమీటర్లు మాత్రమే. వాని గోడలలో క్రొవ్వు పేరుకొని, దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసికొనినచో గుండెపోటు సంభవించును. ఇంత సన్నని నాళపు గోడను స్పష్టముగా చూడవలెనన్న, ధ్వని కంపనములు మిక్కిలి ఎక్కువ కావలెను. కాని కంపనములు పెరిగినకొలది ధ్వని దేహములో దూరము పోజాలదు. కనుక రొమ్ముమీద నుండి ఆ గోడలను సూక్ష్మముగా చూచుట దుస్సాధ్యమయ్యెను. ధ్వని లోనికి పోలేనప్పుడు, ధ్వనిని పుట్టించు సాధనమునే లోనికి పంపవలెను. మరి గుండెలోనికి దారి ఎట్లు?

ఆ దారిని తెరచినవాడు జర్మనీ దేశపు యువవైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్. గుండెలోనికి గొట్టమును పంపినచో మరణము తప్పదని ఆ కాలపు వైద్యులు తలచుచుండిరి. చేతి సిరద్వారా సన్నని గొట్టమును హృదయమువరకు అపాయము లేకుండ పంపవచ్చునని అతడు నమ్మెను. పై యధికారి అనుమతింపలేదు. ఒక నర్సు తనపైననే ఆ ప్రయోగము చేయుమని ముందుకు వచ్చెను. ఫోర్స్‌మన్ ఆమెను బల్లపై పరుండజేసి, కదలకుండ కట్టి, ఆమె ఎరుగకుండ తన చేతినే కోసికొని గొట్టమును ఎక్కించుకొనెను. అనంతరము 65 సెంటీమీటర్ల గొట్టము తన దేహములో నుండగా మెట్లు దిగి ఎక్స్-కిరణముల గదికి నడచి, దాని కొన గుండె కుడి కర్ణికను చేరినట్లు చిత్రము తీయించెను. ఇది 1929లో జరిగెను. పెద్దలు మెచ్చుకొనుటకు మారుగా మందలించిరి. ఏండ్ల తరువాత కూర్నాన్, రిచర్డ్స్ అను వైద్యులు ఆ మార్గమును శాస్త్రీయముగా పెంపొందించిరి. 1956లో ఆ యిరువురితోపాటు ఫోర్స్‌మన్‌కును నోబెల్ బహుమానము లభించెను.

1958లో అమెరికా వైద్యుడు మేసన్ సోన్స్ హృదయ ధమనిలోనికి ఎక్స్-కిరణములకు కనబడు ద్రవమును పంపి, దారి ఎచ్చట ఇరుకైనదో చూపు పద్ధతిని ఆరంభించెను. ఇదియే ఆంజియోగ్రాము. ఇది ఎంతో మేలు చేసినది, చేయుచున్నది. కాని ఇది చూపునది రక్తము పారు కాలువ నీడను మాత్రమే. కాలువ గట్టులో నేమున్నదో చూపదు. ధమని గోడలో క్రొవ్వు పెరుగుచున్నపుడు తొలిదశలో ధమని వెలుపలికి ఉబ్బి, లోపలి దారిని కాపాడుకొనునని 1987లో గ్లాగోవ్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. అట్టిచోట నీడ చక్కగానే కనబడును. రోగము మాత్రము గోడలో దాగియుండును.

ఆ దాగిన దానిని చూపుటకు పుట్టినదే నాళాంతర అతిధ్వని సాధనము. 1972లో నెదర్లాండ్సు దేశపు రోటర్‌డామ్ నగరమున నికోలాస్ బొమ్ అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు సుమారు 3 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టపు కొన చుట్టును 32 చిన్న ధ్వనిఖండములను అమర్చిరి. అది గుండె గదులను చూచుటకు ఉద్దేశింపబడినది, ధమనులకు లావు. 1980 దశాబ్దపు చివర అమెరికా వైద్యుడు పాల్ యాక్ మున్నగువారి కృషివలన హృదయ ధమనులలో దూరగల సన్నని సాధనములు సిద్ధమయ్యెను.

నేటి సాధనపు లావు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు లేక తొడ ధమనిలో నుండి వెండ్రుకవలె సన్నని తీగను ముందు పంపి, దాని వెంబడి ఈ గొట్టమును నడపుదురు. ఒక రకములో కొనయందలి స్ఫటికము నిమిషమునకు 1,800 మార్లు తిరుగుచు నలుదెసలకును ధ్వనిని చిమ్మును. మరియొక రకములో 64 ఖండములు కదలకయే వంతులవారీగా పనిచేయును. కంపనములు సెకనుకు 2 కోట్ల నుండి 6 కోట్ల వరకు ఉండును. 3 మిల్లీమీటర్ల దూరము పోయి ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టు కాలము సెకనులో పదిలక్షల వంతులలో నాలుగు మాత్రమే! గణకయంత్రము ఆ కాలమునుబట్టి దూరమును లెక్కించి, నాళపు అడ్డకోతను తెరపై గుండ్రని చిత్రముగా చూపును. గొట్టమును మెల్లగా వెనుకకు లాగుచుండగా ధమని పొడవెల్ల వైద్యునికి గోచరమగును. పిట్ట కొంచెమైనను కూత ఘనమనుట ఇట్టి దానికే తగును.

ఈ చూపు విలువను ఒక ఉదంతము తెలుపును. ఇరుకైన ధమనిని తెరచి, మరల మూసికొనకుండ స్టెంటు అను లోహపు వల గొట్టమును నిలుపుట ఆచారమైన తరువాత, కొందరికి అందు రక్తము గడ్డకట్టుచుండెను. దానికై తీవ్రమైన మందులిచ్చినచో రక్తస్రావము కలుగుచుండెను. ఇటలీ వైద్యుడు ఆంటోనియో కొలంబో ఈ సాధనముతో లోన చూచెను. ఎక్స్-కిరణముల చిత్రమున చక్కగా విచ్చుకొనినట్లున్న స్టెంటు పెక్కుమందిలో గోడకు పూర్తిగా ఆనియుండలేదు! అధిక పీడనముతో దానిని సరిగా విప్పినచో, ఆస్పిరిన్ వంటి తేలికపాటి మందులే చాలునని అతడును, సహచరులును 1995లో ప్రకటించిరి. తప్పు మందులో లేదు, సగము చూపులోనే ఉండెను. 2023లో దక్షిణ కొరియా వైద్యులు చిక్కైన ధమని వ్యాధిగల 1,639 మందిపై జరిపిన పరిశోధనను ప్రకటించిరి. నాళము లోపల చూచి చికిత్స చేసినవారిలో నూటికి సుమారు 8 మందికి, ఆంజియోగ్రాము మాత్రమే చూచి చేసినవారిలో నూటికి సుమారు 12 మందికి మూడేండ్లలో మరల ఆపద కలిగినది.

అయినను ఇది సర్వము చూపునది కాదు. సున్నపు పదార్థము గట్టిపడినచోట ధ్వని వెనుకకు మరలును. దాని చాటు నుండునది కనబడదు. కాంతితో చూచు మరియొక సాధనము ఇంతకంటె సూక్ష్మముగా చూపును. కాని అది లోతునకు పోదు, రక్తమును క్షణకాలము తొలగింపవలెను. పైగా చిత్రమును చదువుటకు అనుభవముగల కన్ను అవసరము. సాధనము చూపును, నిర్ణయించువాడు మనుష్యుడే.

కుండను తట్టిన వ్రేలు, పీపాను తట్టిన చేయి, గబ్బిలపు కూత, ధమనిలోని స్ఫటికము అన్నియు ఒకే సత్యమునకు సాక్షులు. పైపై నీడను చూచి తృప్తి పడక, లోన నేమున్నదని అడిగినవారే జ్ఞానమును ముందునకు నడపిరి. ఆ ప్రశ్నవలననే నేడెందరో మనుష్యుల గుండెలు ఆగక కొట్టుకొనుచున్నవి.

ప్రశ్నలు

1. ఒకే స్ఫటికము నోరును, చెవియును ఎట్లగును?
2. హృదయ ధమనుల గోడలను రొమ్ముమీద నుండి సూక్ష్మముగా చూడలేకపోవుటకు కారణమేమి?
3. ఫోర్స్‌మన్ సాహసమును మీ సొంత మాటలలో వ్రాయుడు.
4. "తప్పు మందులో లేదు, సగము చూపులోనే ఉండెను." ఈ వాక్యమును సందర్భముతో వివరింపుడు.