ఒకే డబ్బాలో మూడు మెషీన్లు: రాడ్డు, టిగ్, ప్లాస్మా

(ఒక పూర్వ విద్యార్థి, ఐ.టి.ఐ. వెల్డర్)



పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వంటగది తలుపు బందు ఊడిపోయి ఉంటే నా మెషీన్ తెచ్చి అతికించాను. అప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు "అన్నా, డబ్బా చూస్తే మన ట్రంకు పెట్టె అంత కూడా లేదు. ఇనుము అతికిస్తుంది, కోస్తుంది. రెండూ ఎట్లా చేస్తుంది?" అని అడిగాడు. భోజనాల హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. వార్డెన్ గారు ఈ సంచికకు ఏదైనా రాయమన్నారు. కవితలు నాకు రావు కనుక ఆ తమ్ముడికి ఇవ్వాల్సిన జవాబే రాస్తున్నాను.

పాత వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మీరు ఊళ్లో చూసే ఉంటారు. కదపాలంటే నలుగురు కావాలి. మన ఇంటికొచ్చే కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ఆ వేగంలో పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్‌కు బోలెడు ఇనుము, రాగి కావాలి. ఇన్వర్టర్ మెషీన్ ముందుగా 230 వోల్టుల ఏసీని సుమారు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. తర్వాత దాన్ని సెకనుకు వేలాది సార్లు ఆపి వదులుతుంది. వేగం పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా సరిపోతుంది. అందుకే ఒక్కడే భుజాన వేసుకుని మోయగలడు.

ఇక అతికించడం, కోయడం సంగతి. రాడ్డు వెల్డింగుకు ఆంపియర్లు ఎక్కువ, వోల్టులు తక్కువ కావాలి. 160 ఆంపియర్ల దగ్గర సుమారు 26 వోల్టులు చాలు. ప్లాస్మా కటింగుకు తిరగేసిన లెక్క: 40 ఆంపియర్లే, కానీ 96 వోల్టులు. గుణించి చూడండి. మొదటిది 4,160 వాట్లు, రెండోది 3,840 వాట్లు. శక్తి దాదాపు ఒకటే, పంచుకునే తీరు వేరు. ముందున్న స్విచ్చి తిప్పితే మారేది అదే. భౌతికశాస్త్రం క్లాసులో ఈ సూత్రం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ, దాని అర్థం నాకు వెల్డింగ్ షాపులోనే తెలిసింది. ఆర్క్ మండుతుండగా మాత్రం ఆ స్విచ్చిని ముట్టుకోకూడదు.

రాడ్డు గురించి రెండు మాటలు. 3.15 మి.మీ. 6013 రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు, 2.5 రాడ్డుకు 60 నుంచి 90. పల్చని స్క్వేర్ పైపు మీద ఎక్కువ పెడితే చిల్లు పడుతుంది. తడిసిన రాడ్డు చిటపటలాడి అతుకులో బుడగలు వదులుతుంది.

టిగ్‌లో అందరూ చేసే తప్పు ప్లస్, మైనస్ దగ్గర. డీసీ ఆర్క్ వేడిలో సుమారు మూడింట రెండు వంతులు ప్లస్ వైపు పుడుతుంది. అందుకే టిగ్ టార్చ్ మైనస్‌కు, క్లాంపు ప్లస్‌కు ఉండాలి. నేను మొదటి రోజు రాడ్డు హోల్డరు తీసేసి అదే ప్లస్‌కు టార్చ్ తగిలించాను. సూదిలా చెక్కిన టంగ్‌స్టన్ కళ్లముందే మిరియపు గింజలా ముద్దయింది. ప్లాస్మాకు కూడా టార్చ్ మైనస్‌కే. గ్యాసు స్వచ్ఛమైన ఆర్గాన్, నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు. పక్కన ఫ్యాను ఉంటే గ్యాసంతా గాలికి పోతుంది. ఇంకో సంగతి, డీసీ మాత్రమే ఇచ్చే మెషీన్‌తో అల్యూమినియం టిగ్ చేస్తామని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు. దానికి ఏసీ టిగ్ కావాలి.

ఇప్పుడు ప్లాస్మా. ఇందులో గ్యాసు సిలిండర్ ఉండదు, కంప్రెసర్ గాలి చాలు. ఆ గాలి నాజిల్ సన్నని రంధ్రంలోంచి దూసుకొచ్చేటప్పుడు ఆర్క్ దాన్ని 20 వేల డిగ్రీలకు పైగా వేడెక్కిస్తుంది. ఆ సెగ లోహాన్ని కరిగిస్తుంది, గాలి వేగం కరిగినదాన్ని కిందికి ఊడ్చేస్తుంది. ఆక్సిజన్‌తో చేసే గ్యాస్ కటింగు ఇనుమును కాల్చి కోస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం అలా కాలవు గనుక అక్కడ ప్లాస్మాయే దిక్కు.

కోసేటప్పుడు నిప్పురవ్వలు రేకు కిందికి పోవాలి. పైకి చిమ్మితే మీరు తొందరపడుతున్నారని అర్థం. అంచు నుంచి మొదలుపెట్టండి. మధ్యలో చిల్లు వేయాల్సి వస్తే టార్చ్‌ను కాస్త వంచి మొదలుపెట్టి, తెగిన తర్వాత నిటారు చేయండి. కోత అయ్యాక కూడా కొన్ని సెకన్లు గాలి వస్తూనే ఉంటుంది. అది టార్చ్‌ను చల్లార్చడానికి. వృథా అనుకుని వెంటనే మెషీన్ ఆపేయకండి.

నేను నష్టపోయింది ఇక్కడే. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్పాలి. అప్పు చేసి మెషీన్ కొన్న మొదటి వానాకాలం. కంప్రెసర్ ట్యాంకు కింద నీళ్లు వదిలే మర ఉంటుంది. రోజూ సాయంత్రం దాన్ని తిప్పి నీళ్లు తీసేయాలి. నేను నెల రోజులు తిప్పలేదు. తడిగాలికి నాజిల్ గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, కోత వంకర పోయింది. నాజిల్ ఖర్చు మిగుల్చుకుందామని అలాగే నడిపాను. లోపలి ఎలక్ట్రోడు కొనలో హాఫ్నియం అనే లోహపు చుక్క ఉంటుంది. అక్కడ గుంట సుమారు 1.5 మి.మీ. లోతుకు చేరితే ఎలక్ట్రోడు మార్చేయాలి. నేను మార్చలేదు. టార్చ్ తలే కాలిపోయింది.

అంతటితో పోలేదు. జాగా తక్కువని గ్రైండర్‌ను మెషీన్ పక్కనే పెట్టుకున్నాను. మెషీన్ ఫ్యాను ఆ ఇనుప పొడినంతా లోపలికి పీల్చింది. ఒకరోజు టప్ మని శబ్దం, కాలిన వాసన. రిపేరు చేసేవాడు మూత విప్పి చూపిస్తే బోర్డు నిండా పొయ్యి కింద మసిలాగా నల్లటి పొడి. దానికి గ్యారంటీ వర్తించదన్నారు. ఒప్పుకున్న గేటు పని చేజారింది, అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశాను. మూడు నెలలు మా అమ్మ కూలి డబ్బులతో బ్యాంకు వాయిదా కట్టాం.

ఇప్పుడు గ్రైండింగు గోడకు అవతల చేస్తాను. నెలకోసారి స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, కనీసం పది నిమిషాలు ఆగి మూత విప్పుతాను. ఆగడం ఎందుకంటే, లోపలి కెపాసిటర్లలో ఆ 325 వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి, మనిషిని చంపగలవు. తర్వాత తడిలేని గాలిని తక్కువ ప్రెషరుతో, దూరం నుంచి కొడతాను. నేర్పు లేనివాళ్లు మూత జోలికి పోకుండా బయటి జాలీలు తుడుచుకుంటే చాలు.

మెషీన్ మీద "160 ఆంపియర్లు, 40 శాతం" అని రాసి ఉంటుంది. చాలామంది పట్టించుకోరు. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు పని, ఆరు నిమిషాలు విశ్రాంతి అని దాని అర్థం. ఆపకుండా చేయాలంటే సుమారు 100 ఆంపియర్లకు తగ్గించుకోవాలి. వేడి లైటు వెలిగితే స్విచ్చి ఆపకండి. ఫ్యాను తిరిగితేనే చల్లబడుతుంది.

క్లాంపును మనమంతా ఎర్త్ అంటాం గానీ అది ఎర్త్ కాదు, కరెంటు తిరిగివెళ్లే దారి. ప్రాణం కాపాడేది ప్లగ్గులోని ఆకుపచ్చ తీగ. ప్లాస్మా టార్చ్‌లో పని లేనప్పుడు 200 వోల్టులకు పైగా ఉండవచ్చు. మెషీన్ పూర్తిగా ఆపకుండా నాజిల్ విప్పకండి. డీజిల్, పెట్రోలు పోసిన డ్రమ్మును ఖాళీదే కదా అని కోయబోకండి. లోపలి ఆవిరి బాంబులా పేలుతుంది. ఇవి రెండూ ఎవరు పురమాయించినా, కూలి పోయినా, చేయవద్దు.

కంటి సంగతి. అద్దం లేకుండా ఆర్క్ చూస్తే అప్పుడేమీ తెలియదు. రాత్రి నిద్రలో కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకోమంటారు, తోచిన చుక్కలు వేసుకోమంటారు. అవేవీ వద్దు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రాడ్డుకు 10 లేదా 11 నంబరు అద్దం వాడాలి. నల్ల కళ్లజోడు అద్దం కిందికి రాదు.

ఈ వార్షికోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం మెషీన్‌తో వస్తున్నాను. రెండో గదిలో ఇనుప మంచాలకు కాళ్లు ఊగుతున్నాయని వార్డెన్ గారు ఫోన్‌లో చెప్పారు. చూడాలనుకునేవాళ్లు పొడుగు చేతుల నూలు చొక్కా, బూట్లు వేసుకుని రండి. నైలాన్ బట్టలు వద్దు. నా దగ్గర అద్దాలు మూడే ఉన్నాయి, వంతులవారీగా ఇస్తాను. అడిగిన ఆ తమ్ముడు ఇప్పుడు పదో తరగతికి వచ్చి ఉంటాడు. మొదటి వంతు అతనిదే.