శుభం పడిన తరువాత

పాత తెలుగు సినిమాల చివర తెరమీద ‘శుభం’ అనే అక్షరాలు కనిపించేవి. కన్నడ చిత్రాలలోనూ అంతే. ఆ మాట పడిందంటే విడిపోయినవారు కలిశారని, దుష్టునికి శిక్ష పడిందని, ఇక చూడవలసినది ఏమీ లేదని అర్థం. జనం చెప్పులు వెతుక్కొంటూ లేచేవారు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో మన తాతలు టెంటు సినిమాలలో నేలమీద కూర్చొని చూసిన కథలు చాలావరకు అలాంటివే.

అయితే అన్ని కథలూ అలా ముగియవు. కొన్ని చిత్రాలు చూసి బయటికి వచ్చినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. “ఇంతకీ ఏమైంది?” అని ఒకరు అడుగుతారు. “నాకంతా తెలిసిపోయింది” అని మరొకరు గొప్పగా అంటారు కానీ, ఏమి తెలిసిందో మాత్రం చెప్పరు. అర్థం కాలేదని ఒప్పుకొంటే నలుగురిలో చులకన అవుతామని చాలామందికి భయం. ఇలాంటి కథలను ఎలా చూడాలి? అర్థం కాకపోతే తప్పు చూసినవారిదా, తీసినవారిదా?

సినిమా పుట్టకముందే మనకు ఇటువంటి కథలున్నవి. బేతాళ కథలు మీరు వినే ఉంటారు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడుస్తాడు. శవంలోని బేతాళుడు ఒక కథ చెప్పి, చివర ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. రాజు సమాధానం చెప్పగానే మౌనం భంగమై బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. చివరి కథ మాత్రం వేరు. ఒక తండ్రి, కొడుకు దారిలో ఇద్దరు స్త్రీల అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలున్న ఆమెను తండ్రి, చిన్న పాదాలున్న ఆమెను కొడుకు పెండ్లాడాలని మాట అనుకొంటారు. తీరా చూస్తే వారిద్దరూ తల్లీకూతుళ్లు, పెద్ద పాదాలు కూతురివి! అన్న మాట ప్రకారం పెండ్లిండ్లు జరిగిపోతాయి. మరి వారికి పుట్టే బిడ్డలు ఒకరికొకరు ఏమి వరుస? పిన్నమ్మ, మేనమామ అని వరుసలు కట్టి పిలవడంలో మనవాళ్లు గట్టివారే. అయినా ఈ లెక్క తేలదు. విక్రమార్కుడు కూడా సమాధానం దొరకక మౌనంగా నడిచాడు. ఆ మౌనానికే బేతాళుడు సంతోషించాడు. ఇక్కడ రాజు ఓడిపోలేదు. తెలియనప్పుడు తెలిసినట్లు నటించలేదు, అంతే.

ఇప్పుడు ఒక సినిమా సంగతి చూద్దాం. 1987లో ‘పుష్పక విమానం’ అనే చిత్రం విడుదలైంది. కన్నడంలో దాని పేరు ‘పుష్పక విమాన’. తెలుగువారైన సింగీతం శ్రీనివాసరావుగారు దానికి దర్శకులు. కన్నడ చిత్రరంగానికి చెందిన శృంగార్ నాగరాజ్‌గారితో కలిసి ఆయనే నిర్మించారు. చిత్రీకరణ మనకు దగ్గరలోనే, బెంగళూరులో జరిగింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెరకు, 1934లో ‘సతీ సులోచన’తో కన్నడ తెరకు మాటలు వచ్చాయి. అర్ధశతాబ్దం గడిచాక ఈ చిత్రం మళ్లీ నోరు మూసుకొన్నది. ఇందులో చప్పుళ్లున్నాయి, సంగీతమున్నది, సంభాషణ ఒక్కటి కూడా లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మన ఊళ్లకు ఇంతకంటె సౌకర్యమైన చిత్రం ఏముంటుంది? ఎవరూ ఎవరికీ అనువాదం చేసి చెప్పనక్కరలేదు.

కథానాయకుడు (కమల్ హాసన్) చదువుకొన్న నిరుద్యోగి. ఒక పాత లాడ్జిలో ఉంటాడు. ఒకనాడు రాత్రి తాగి పడిపోయిన ధనవంతుడొకడు అతనికి కనబడతాడు. ఆయనను తన గదికి తెచ్చి బంధించి, ఆయన హోటలు గది తాళంచెవి తీసుకొని, ఆ పెద్ద హోటలులో తానే ధనవంతుడిలా ఉండసాగాడు. అక్కడ ఒక ఇంద్రజాలికుని కూతురు (అమల) పరిచయమైంది. ఇద్దరూ కిటికీల నుండి సైగలతోనే మాట్లాడుకొంటారు. ఇంతలో ఆ ధనవంతుణ్ణి చంపడానికి వచ్చిన హంతకుడు ఇతడినే ఆయన అనుకొని వెంటపడతాడు. చివరకు యువకుడు బందీని విడిచిపెట్టి, తన నిజస్థితిని ఆమెకు తెలియజేస్తాడు. ఆమె ఊరు విడిచి వెళ్తూ, చిరునామా రాసిన చీటీని గులాబీకి చుట్టి అతని కోసం విసురుతుంది. గాలికి చీటీ ఎగిరి మురుగు కాలువలో పడిపోతుంది. అతని చేతికి పువ్వు మాత్రమే వస్తుంది. మళ్లీ అతడు ఉద్యోగం కోసం వరుసలో నిలబడి ఉండగా చిత్రం ముగుస్తుంది.

ఆమె మళ్లీ కలిసిందా? అతనికి ఉద్యోగం వచ్చిందా? చిత్రం చెప్పదు.

ఈ ముగింపును తరగతిలో చర్చకు పెడితే కనీసం మూడు అభిప్రాయాలు వస్తాయి. ఒకరు ఇది విషాదం అంటారు. ఇంకొకరు పరుల సొమ్ము అనుభవించినందుకు తగిన శిక్ష అంటారు. మూడవవారు, “ఆమె ఎలాగైనా తిరిగి వస్తుంది, నాకు తెలుసు” అంటారు. ఈ మూడూ ఒకే విధమైనవి కావు. మొదటి రెండింటికి చిత్రంలో ఆధారాలు వెతకవచ్చు. ఉదాహరణకు, లాడ్జి పక్కనున్న సినిమాహాలు మోతకు అలవాటుపడిన యువకునికి హోటలు నిశ్శబ్దంలో నిద్రపట్టదు. ఆ గోలను టేపులో పట్టి తెచ్చి, వింటూ నిద్రపోతాడు. నవ్వు తెప్పించే ఈ సన్నివేశం, అతడు ఆ గదికి చెందినవాడు కాడని మనకు ముందే చెబుతున్నది. పేరులోనూ ఆధారం ఉన్నది. పుష్పకం కుబేరునిది. రావణుడు దానిని లాక్కొన్నాడు. రాముడు అయోధ్య చేరిన తరువాత దానిని తిరిగి కుబేరుని వద్దకే పంపాడు. ఎరువు విమానం ఎప్పటికైనా దిగవలసిందే. ఇంత చూసినవారికి చివరి వరుస కేవలం ఓటమిగా తోచదు. యువకుడు తన చోటికి తాను వచ్చాడు. అయితే ఆ వరుస ఎంత పొడవో కూడా చిత్రమే చూపింది కనుక, విషాదమన్నవారి మాట కొట్టివేయడానికి వీలులేదు.

“తిరిగి వస్తుంది” అన్న మాటకు మాత్రం తెరమీద ఆధారం లేదు. అది చూసినవారి కోరిక. కోరిక కలగడం మంచిదే. ఆ చీటీ కాలువలో పడినప్పుడు మన మనసు చివుక్కుమనకపోతే చిత్రం తీసినందుకు ఫలమేమి? కానీ కోరికను కథలో జరిగిన సంగతిగా చెప్పరాదు.

చార్లీ చాప్లిన్ 1931లో తీసిన ‘సిటీ లైట్స్’ చిత్రంలోనూ ఒక పువ్వున్నది. చూపులేని పూలమ్మాయికి ఒక దేశదిమ్మరి సాయం చేస్తాడు. చూపు వచ్చాక, చేతిస్పర్శతో ఆమె అతనిని గుర్తుపడుతుంది. అతడు నవ్వుతాడు. అంతటితో చిత్రం సమాప్తం. ఆమె అతనిని ఆదరించిందా, నిరాశపడిందా అని ఇప్పటికీ వాదించుకొంటూనే ఉన్నారు.

చివర తెలియని చిత్రాలన్నీ ఈ జాతివి కావు. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం చూసి, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని దేశమంతా అడిగింది. అది దాచిపెట్టిన సమాధానం. 2017లో రెండవ భాగం దానిని బయటపెట్టింది, వాదన ముగిసింది. ఉపేంద్ర 1998లో తీసిన కన్నడ చిత్రం ‘ఎ’లో కథ వరుసగా నడవదు. అక్కడ ముక్కలను వరుసలో పేర్చుకొనే పని ప్రేక్షకునిది. 2013లో పవన్ కుమార్ తీసిన ‘లూసియా’లో ఒక జీవితం రంగులలో, మరొకటి నలుపు తెలుపులలో కనిపిస్తుంది. ఏది కల, ఏది నిజం అని మనం వేసుకొన్న లెక్క చివరిలో తారుమారవుతుంది. ఇటువంటివి రెండవసారి చూస్తే తేటపడతాయి. ‘పుష్పక విమానం’ ముగింపు పదిసార్లు చూసినా మారదు. అది దాచినది కాదు, విడిచినది.

మన ప్రాంతంలో మరుగు మాటలు విప్పే విద్య కొత్తది కాదు. చింతామణి తాలూకా కైవారంలోని యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. ఆయన కాలజ్ఞానం కూడా ప్రసిద్ధమే. తత్వాలు పాడేవారు తొమ్మిది వాకిళ్ల ఇల్లు అంటే, అది మన శరీరమని వినేవారు గ్రహిస్తారు. తెలియనివారు పక్కనున్న పెద్దలను అడుగుతారు. అలా అడగడాన్ని భజనలో ఎవరూ చిన్నతనంగా తలచరు. సినిమాహాలు బయట మాత్రం ఎందుకో సిగ్గుపడతాం!

ఒక్క హెచ్చరిక. అర్థం కాని ప్రతిదీ గొప్పది కాదు. అల్లిక సరిగా రాక ముడిపడిన దారం కూడా చిక్కుగానే ఉంటుంది. తెలిసి వదిలినదా, చేతగాక వదిలినదా అని తెలుసుకోవాలంటే చిత్రంలోని మిగతా భాగాన్ని చూడాలి. గులాబీ, చీటీ, గాలి, కాలువ అన్నిటినీ అంత శ్రద్ధగా చూపిన దర్శకుడు ముగింపును మరచిపోయాడని ఎవరూ అనలేరు.

అభ్యాసం

1. బేతాళుని చివరి ప్రశ్నకు విక్రమార్కుడు ఎందుకు మౌనం వహించాడు?

2. ‘దాచినది కాదు, విడిచినది’ – ఈ మాటను ‘బాహుబలి’, ‘పుష్పక విమానం’ చిత్రాల ముగింపులతో వివరించండి.

3. మీరు చూసిన ఒక సినిమాను గాని, చదివిన కథను గాని తీసుకొని, దాని ముగింపులో మీరు కంటితో చూసినవి ఏవో, ఊహించినవి ఏవో వేరువేరుగా రాయండి. మీ రాతను పక్కవారికి ఇచ్చి, వారు ఒప్పుకోని వాక్యం కింద గీత గీయమనండి.

4. చీటీ కాలువలో పడకుండా అతని చేతికే చిక్కి ఉంటే ఈ చిత్రానికి ‘పుష్పక విమానం’ అనే పేరు తగి ఉండేదా? చర్చించండి.